గ్లియోబ్లాస్టోమా చికిత్స తర్వాత నాన్నగారి మాట కోసం ఇంట్లో ఏం చేయవచ్చు?

మా నాన్నగారికి 61 ఏళ్లు. మెదడు ఎడమవైపు, కణత దగ్గరి టెంపోరల్ లోబ్‌లో వచ్చిన గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డకు శస్త్రచికిత్స జరిగాక, ఆరు వారాల్లో 30 విడతలుగా మొత్తం 60 గ్రేల మోతాదు రేడియేషన్, దానితోపాటు టెమొజొలొమైడ్ అనే కీమోథెరపీ మాత్రలు పూర్తయ్యాయి. ఇది తిరగబెట్టే జబ్బని మాకు తెలుసు కనుక ఎన్నాళ్లన్నది అడగడం లేదు. ఉన్న రోజులు ఆయనకు ఎలా గడవాలన్నదే నా ఆరాటం.

ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి ఇప్పుడు మంచినీళ్ల చెంబు పేరు గుర్తురాక, చేత్తో తాగుతున్నట్టు చూపించి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఎదుటివారి మాట చాలావరకు అర్థమవుతుంది. ఆశ్చర్యమేమిటంటే, చిన్ననాడు కంఠస్థం చేసిన పద్యం మొదటి పాదం అందిస్తే మిగతాది తడబడకుండా చెబుతున్నారు.

మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ వల్ల తొడల్లో బలం తగ్గింది, నిద్ర చెడింది. వైద్యుల సలహాతో మాత్రను ఉదయానికి మార్చాక నిద్ర కొంత నయం. మందుల సంగతి వారితోనే మాట్లాడతాము.

ఇటువంటి రోగిని ఇంట్లో చూసుకున్నవారు, స్పీచ్ థెరపిస్టులు దయచేసి చెప్పండి: ఆ పద్యాల ఆధారంగా రోజువారీ మాటలను రాబట్టే పద్ధతి ఏదైనా ఉందా? అలసిపోకుండా రోజుకు ఎంతసేపు సాధన చేయించాలి? వేలితో చూపించి చెప్పేందుకు తెలుగు పదాలతో బొమ్మల పలక తయారు చేసుకున్నవారు అందులో ముందుగా ఏ మాటలు పెట్టారు?