మన రిస్క్ మన ఇష్టం సరే, మరి విమానం?

ఎలాయ్_సుబ్బు
అమెరికాలో స్కైడైవింగ్ జంప్‌లు చేసే తెలుగువాళ్లందరూ ఉన్న చోటు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. మనల్ని పైకి తీసుకెళ్లే జంప్ విమానాల మీద ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రూల్స్ ఇంకా గట్టిగా ఉండాలా, వద్దా? మా డ్రాప్‌జోన్‌లో (జంప్‌లు చేయించే చోటు) ఒకాయన హెల్మెట్ మీద "ప్రభుత్వమా, పక్కకి జరుగు" అన్న అర్థంలో స్టిక్కర్ వేసుకుని తిరుగుతాడు. చస్తే నేను చస్తా, మధ్యలో వాషింగ్టన్‌కి ఏం పని అంటాడు. ఇంకొకాయన వెంటనే 2019 హవాయి ప్రమాదం ఎత్తుతాడు. జూన్ 21న డిల్లింగ్‌హామ్ ఎయిర్‌ఫీల్డ్‌లో కింగ్ ఎయిర్ జంప్ విమానం టేకాఫ్ అవుతూనే కూలి లోపలున్న 11 మందీ పోయారు కదా, అది. పైలట్ తప్పుతో పాటు ఎఫ్‌ఏఏ నిబంధనలు, నిఘా చాలవని కూడా ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఈ గొడవ చివరికి ఎవరు ఎవరికి ఓటేశారు అన్నదాకా వెళ్లి ఆగుతోంది. మీరేమంటారు?

లోపుల్_లింగం
తమ్ముడూ, ఇందులో చర్చించడానికి ఏముంది? 2024లో అమెరికాలో దాదాపు 38.8 లక్షల జంప్‌లు జరిగితే 9 మంది పోయారు. లక్షకి 0.23. 1970లలో ఏటా సగటున 40 మందికి పైనే పోయేవారు. ఈ తగ్గుదల ఎవరి పుణ్యం? వాషింగ్టన్‌లో చట్టాలు చేసేవాళ్ల పుణ్యమా? సైప్రెస్, అంటే జంపర్ పారాచూట్ తెరవకపోతే తనే రిజర్వ్ తెరిచే పరికరం (ఏఏడీ), 1991లో వచ్చింది, దాన్ని తయారుచేసింది ఒక జర్మన్ కంపెనీ, కొనుక్కుంది మనం. లైసెన్స్ ఉన్నవాడు ఏఏడీ పెట్టుకోవాలని ఎఫ్‌ఏఏ ఈ రోజుకీ అనదు, ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని దూకే టాండమ్‌కి మాత్రమే తప్పనిసరి. అయినా ఇవాళ ఏఏడీ లేకుండా ఎంతమంది ఎక్కుతున్నారు చెప్పు. నేనూ పెట్టుకుంటా. పెట్టుకోమని నాకు చెప్పే హక్కు మాత్రం ఎవడికీ లేదు.

ప్యాకింగ్_మ్యాట్
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

రిగ్గర్_రాధ
లింగం గారూ, మీరు చెప్పిన లెక్క కరెక్టే, కానీ అందులో విమానం కూలి పోయినవాళ్లు ఉండరు. 2019కి యూఎస్‌పీఏ (అమెరికా పారాచూట్ సంఘం) చెప్పిన సంఖ్య 15. హవాయిలో పోయిన 11 మంది అందులో లేరు. అది విమాన ప్రమాదం పద్దు కింద పోతుంది. సుబ్బు గారు అడిగింది విమానాల గురించి, మీరు జవాబిచ్చింది పారాచూట్ల గురించి.

లోపుల్_లింగం
విమాన ప్రమాదం విమాన ప్రమాదమే కదమ్మా. డ్రాప్‌జోన్‌కి వస్తూ హైవే మీద కారు గుద్దుకుని పోతే దాన్నీ స్కైడైవింగ్ మరణం అంటావా?

రిగ్గర్_రాధ
కారు నేను నడుపుతా, నా ఇష్టం వచ్చినప్పుడు సర్వీసింగ్ చేయించుకుంటా. ఆ విమానం తలుపు మూశాక నా చేతిలో ఏముంది? వెయ్యి అడుగుల లోపు ఇంజిన్ పోతే రిగ్ (పారాచూట్ బ్యాగు) వీపున ఉండి కూడా పనికిరాదు. టాండమ్‌కి వచ్చిన అమ్మాయికైతే అసలు ఏమీ తెలియదు. చార్టర్ (అద్దె) విమానం ఎక్కినట్టే డబ్బు కట్టి ఎక్కుతుంది, కానీ ఆ విమానానికి వర్తించేది పార్ట్ 91, అంటే సొంత విమానంలో సరదాగా తిరిగేవాడికి పెట్టిన రూల్స్. చార్టర్ వాళ్లకుండే పార్ట్ 135 మనకి లేదు. 25 మైళ్ల పరిధిలో ఎగిరి దిగే జంప్ విమానాలకి మినహాయింపు ఇచ్చేశారు.

2008లోనే ఎన్‌టీఎస్‌బీ ప్రత్యేకంగా నివేదిక రాసింది. 1980 నుంచి అప్పటికి 32 జంప్ విమాన ప్రమాదాలు, 172 మంది. కాలిఫోర్నియాలోని పెర్రిస్‌లో 1992 ఏప్రిల్‌లో ట్విన్ ఆటర్ జంప్ విమానం కూలి 16 మంది పోయారు, ఇంధనంలో నీళ్లు కలిశాయి. సీటు బెల్టుల మీద పట్టింపు ఆ తర్వాతే పెరిగింది. హవాయిలో కూలిన విమానం సంగతి ఇంకా దారుణం. అదే విమానం 2016లో కాలిఫోర్నియాలోని బైరన్ దగ్గర గాల్లో గిర్రున తిరిగితే లోపలున్న జంపర్లు దూకి బతికారు, తోకలో ఒక భాగం ఊడిపోయింది కూడా. పైలట్ ఎలాగో దించాడు. దాన్ని రిపేర్ చేసి మళ్లీ జంప్‌లకే వాడారు. మూడేళ్ల తర్వాత కూలినప్పుడు చూస్తే ఎడమ రెక్క మెలితిరిగి ఉందని తేలింది. ఇది ఎవరి ఇష్టం?

లోపుల్_లింగం
కారు సంగతికి సూటిగా జవాబు రాలేదు.

రిగ్గర్_రాధ
వచ్చింది. మీరు చదవలేదు.

చికాగో_చిన్నోడు
కారు గొడవ ఆపండి బాబూ 🙏

లోపుల్_లింగం
సరే చదివాను. 91 కిందే ఎఫ్‌ఏఏ ఇన్‌స్పెక్టర్‌కి వచ్చి చూసే అధికారం ఉందా, లేదా? ఉంది. మరి ఆ రెక్క వాళ్లకెందుకు కనబడలేదు? ఉన్న పని చేయనివాడికి ఇంకో పది కాగితాలు ఇస్తే చేస్తాడా? మీరంతా పెద్ద డ్రాప్‌జోన్లలో ఉండి మాట్లాడుతున్నారు. స్కైవ్యాన్లు, ట్విన్ ఆటర్లు వరసగా నిలబడి ఉంటాయి. నేను నేర్చుకున్నది మొక్కజొన్న చేల మధ్య ఒకే ఒక్క చిన్న విమానం, సెస్నా 182, ఉన్న చోట. నలుగురం ఎక్కేవాళ్లం. ఓనరే పైలట్, ఎవరు ఎప్పుడు ఎక్కాలో రాసే మానిఫెస్ట్ పని ఆయన భార్యదే. ఇన్సూరెన్స్, కౌంటీ వాళ్ల ఉత్తరాలు, లాయర్ ఫీజులు, అన్నీ కలిసి ఆయన్ని మింగేశాయి, అమ్ముకుని వెళ్లిపోయాడు. పార్ట్ 135 పెట్టండి, ముందు పోయేది అలాంటివాళ్లే. పెద్దవాళ్లు టికెట్ రేటు పెంచుకుని బతికేస్తారు. అప్పుడు జంప్ డాక్టర్లూ డైరెక్టర్లూ మాత్రమే చేస్తారు.

ఎలాయ్_సుబ్బు
అన్నా, ఈ పాయింట్ ఒప్పుకోవాల్సిందే. చిన్న డ్రాప్‌జోన్ల మీదే బరువు పడుతుంది. కానీ ఒకటి. ఫెడరల్ డబ్బు తీసుకున్న ఎయిర్‌పోర్టు స్కైడైవర్లని ఊరికే గెంటేయకూడదని ఎఫ్‌ఏఏ గ్రాంట్ షరతుల్లోనే ఉంది. జంపింగ్‌ని వాళ్లు విమానయాన కార్యకలాపంగానే లెక్కేస్తారు. కౌంటీవాళ్లు మనల్ని తరమాలని చూసిన చోటల్లా మనవాళ్లు పరుగెత్తేది ఎఫ్‌ఏఏ దగ్గరికే. సర్కారు పక్కకి జరిగితే ముందు పోయేది మన రన్‌వే.

టాండమ్_ఒక్కసారే
నేను ఒక్కసారి టాండమ్ చేశాను, పేజీల కొద్దీ వేవర్ (ఏం జరిగినా దావా వేయనన్న ఒప్పుకోలు) మీద చదవకుండా ఇనిషియల్స్ పెట్టాను. ఆ విమానానికి ఎవరూ సరిగ్గా లెక్కచూడరని ఇప్పుడు చెప్తున్నారా 😳

లోపుల్_లింగం
కాలిఫోర్నియాలోని లోడైలో 2016లో టాండమ్ చేసి ఇద్దరు పోయినప్పుడు ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి సరైన సర్టిఫికేషనే లేదని తేలింది. ఎఫ్‌ఏఏ ఉంది కదా అప్పుడు, ఏం పీకింది? కస్టమర్ ముందు అడగాలి. ఆన్‌లైన్‌లో బిర్యానీకి రివ్యూలు చదువుతారు, దూకే ముందు చదవరు.

రిగ్గర్_రాధ
18 ఏళ్ల కుర్రాడు వెళ్లి ఇన్‌స్ట్రక్టర్ కాగితాలు అడగాలా? మీరు ఏ లోకంలో ఉన్నారు?

గడువు_60
ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటా, ఈసారి రాయక తప్పట్లేదు. విమానం పక్కన పెట్టండి. నా కాలు విరిగింది విమానం వల్ల కాదు. నేను మామూలుగా ప్యాటర్న్‌లో (అందరూ దిగే వరసలో) వచ్చి దిగుతుంటే ఒకాయన చిన్న కెనోపీతో (పారాచూట్‌తో) నేలకి దగ్గరలోనే 270 డిగ్రీలు తిప్పి స్వూప్ చేస్తూ, అంటే వేగం పెంచుకుని దూసుకొస్తూ, నా మీదికి వచ్చాడు. తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు. వేగంగా దిగేవాళ్లనీ మామూలుగా దిగేవాళ్లనీ వేరు చేయాలని యూఎస్‌పీఏలో చేరిన డ్రాప్‌జోన్లు ఇచ్చే గ్రూప్ మెంబర్ ప్రతిజ్ఞలోనే ఉంది. ఆ డ్రాప్‌జోన్ వాళ్లు దాని మీద సంతకం కూడా పెట్టారు. కానీ శనివారం సాయంత్రం గాలి మారింది, ల్యాండింగ్ ఏరియా ఒకటే, అందరూ అందులోకే. ఫిర్యాదు చేస్తే ఎవరికి? ఆ ఓనర్‌కే. ఆయన వేవర్ తీసి చూపించాడు.

నేను సెలవులో ఉండగా కంపెనీలో లేఆఫ్ వచ్చింది. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి గడువు 60 రోజులే. చంక కర్రలు పక్కన పెట్టుకుని నడుము పైభాగం మాత్రమే కనబడేలా కెమెరా సర్దుకుని ఇంటర్వ్యూలు ఇచ్చాను. ఇంట్లో ఇప్పటికీ బాత్‌రూమ్‌లో జారిపడ్డానని అనుకుంటున్నారు.

ప్యాకింగ్_మ్యాట్
బ్రదర్ 😢 ఇప్పుడెలా ఉంది?

లోపుల్_లింగం
తమ్ముడూ, బాధగానే ఉంది, కానీ నిజం మాట్లాడుకుందాం. వేవర్ మీద సంతకం పెట్టేటప్పుడు కళ్లు మూసుకున్నావా? పైన మనుషులు ఉన్నారని తెలుసు, స్వూపర్లు ఉన్నారని తెలుసు. గుర్తులేదేమో, అవతలివాడికి కూడా దెబ్బ తగిలే ఉంటుంది. ఇది స్కైడైవింగ్. ఉద్యోగం పోతుందనే టెన్షన్ ఉన్నవాళ్లు వీకెండ్ క్రికెట్ ఆడుకోవచ్చు, టెన్నిస్ బాల్‌తో.

గడువు_60
థాంక్స్ లింగం గారూ. ఈ మాట కోసమే ఆగాను. ఆయనకి ఏమీ కాలేదు, పై వారం మళ్లీ ఎక్కాడు. రిస్క్ ఆయనది, ఇష్టం ఆయనది, ఎముక నాది. మీ "నా చావు నా ఇష్టం" సిద్ధాంతంలో పక్కన దిగేవాడు ఎక్కడ నిలబడాలో చెప్పండి.

చికాగో_చిన్నోడు
క్రికెట్ మాట మాత్రం బాలేదు అన్నా.

లోపుల్_లింగం
బాలేకపోతే బాలేదు. ఇన్నేళ్లుగా నేను చూస్తున్నది చెప్తా. మేం మొదలుపెట్టినప్పుడు తెలుగువాడు డ్రాప్‌జోన్‌లో కనబడితే వింతగా చూసేవాళ్లు. వ్యాన్‌లో పడుకున్నాం, ప్యాకింగ్ చేసి టికెట్ డబ్బులు సంపాదించుకున్నాం. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ జీతంతో వచ్చి మొదటి సీజన్‌లోనే కొత్త రిగ్ కొని, రెండో సీజన్‌కల్లా ఇది సేఫ్ కాదు, అది సేఫ్ కాదు, కమిటీ వేయండి అంటారు. ఆఫీసులో హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టినట్టు పెడతారు. నచ్చకపోతే ఇంకో డ్రాప్‌జోన్‌కి పో. స్వేచ్ఛ అంటే అదే. నేను ఈ దేశానికి వచ్చింది దాని కోసమే, ఓటు వేసేదీ దాని కోసమే.

రిగ్గర్_రాధ
వచ్చింది అసలు సంగతి. ఓటు మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతా. 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం మూతపడి 43 రోజులు నడిచింది. మనం దూకే ముందు పైలట్ మాట్లాడేది ఎవరితో? ఏటీసీతో, అంటే విమాన ట్రాఫిక్ కంట్రోలర్లతో. కింద ట్రాఫిక్ లేదని చెప్పేది ఎవరు? వాళ్లే. ఆ కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు. మీరు అప్పుడు గ్రూప్‌లో "ఇలాగే మూసేయండి, తెరవక్కర్లేదు" అని రాశారు. స్క్రీన్‌షాట్ కావాలా?

లోపుల్_లింగం
జోక్‌ని పట్టుకుని వేలాడతావేంటమ్మా.

గడువు_60
అదే నెలకి ముందు, సెప్టెంబర్‌లో, కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద 1,00,000 డాలర్ల ఫీజు ప్రకటించారు. ఆ శుక్రవారం రాత్రి ఇండియాలో సెలవులో ఉన్న నా రూమ్మేట్ పెళ్లి పనులు వదిలేసి టికెట్ వెతుక్కున్నాడు. తర్వాత పాతవాళ్లకి కాదన్నారు, అది వేరే సంగతి. అప్పుడు మీరు ఏం రాశారో కూడా గుర్తుంది: "రూల్ అంటే రూల్, దేశం వాళ్లది." జంప్ దగ్గర రూల్ అంటే గుంజుకుంటారు, మా దగ్గర రూల్ అంటే రూల్. నాకు దెబ్బ తగిలితే 60 రోజుల గడియారం మొదలవుతుంది, మీకు తగిలితే ఫిజియోథెరపీ మొదలవుతుంది. మనిద్దరం ఒకే విమానం ఎక్కినా ఒకే రిస్క్ తీసుకోవట్లేదు. నచ్చకపోతే ఇంకో డ్రాప్‌జోన్‌కి పొమ్మంటున్నారు. నాకు అది మూడు గంటల డ్రైవ్, రాడ్ వేసిన కుడికాలితో.

మాడరేటర్_మాధవి
లింగం గారూ, క్రికెట్ లాంటి మాటలు ఇంకోసారి వద్దు. పాత స్క్రీన్‌షాట్లు కూడా వద్దు. పార్టీల పేర్లు రాలేదు కాబట్టి థ్రెడ్ ఉంచుతున్నా.

ఎలాయ్_సుబ్బు
నేను విమానాల గురించి అడిగాను మహాప్రభో.

లోపుల్_లింగం
గడువు తమ్ముడూ, క్రికెట్ మాట వెనక్కి తీసుకోను, కానీ నీ మీదికి వచ్చినవాడు వెధవ, అది ఒప్పుకుంటా. నేను అక్కడ ఉంటే వాణ్ని ఆ సీజన్ మొత్తం కూర్చోబెట్టేవాణ్ని. చట్టం అక్కర్లేదు దానికి. మనలో మనం చూసుకోవాలి. ఇంటి గొడవ పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తే ఇల్లు మిగలదు.

రిగ్గర్_రాధ
"నేను అక్కడ ఉంటే". మీరు అక్కడ లేరు. అక్కడ ఉన్నవాళ్లు వేవర్ చూపించారు. మీరు లేని ప్రతి చోటా ఏం జరగాలి అన్నదే కదా మేం అడుగుతున్నది.

గడువు_60
ఒక్క ప్రశ్నకి సూటిగా చెప్పండి చాలు. స్వూపర్లకి వేరే ల్యాండింగ్ ఏరియా పెట్టాలని, లేదంటే విమానం ఇంకో చుట్టు తిరిగాక వేరే పాస్‌లో దింపాలని ఎవరు చెప్తే మీ డ్రాప్‌జోన్ వింటుంది?

లోపుల్_లింగం
యూఎస్‌పీఏ తరఫున ప్రతి చోటా సేఫ్టీ అండ్ ట్రైనింగ్ అడ్వైజర్ ఉంటాడు. ఆయన చెప్తే వింటాం. వాషింగ్టన్ నుంచి ఎవడో చెప్తే వినం.

రిగ్గర్_రాధ
మీ డ్రాప్‌జోన్‌లో అడ్వైజర్ ఎవరు?

లోపుల్_లింగం
నేనే. అందులో తప్పేముంది?