అక్వేరియం క్లీన్ చేసిన ప్రతిసారీ గోల్డ్‌ఫిష్ చచ్చిపోతున్నాయి, నల్లా నీళ్లు పోయాలా బోర్ నీళ్లా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
అన్నలూ కొంచెం చెప్పండి. మా ఇంట్లో రెండడుగుల ట్యాంక్ ఉంది, 2 బై 1 బై 1. నాలుగు గోల్డ్‌ఫిష్ ఉండేవి, రెండే మిగిలినయ్. షాపతను నెలకోసారి ఇంటికొచ్చి చేపల్ని బకెట్లో వేసి, నీళ్లు మొత్తం తోడేసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి అన్నీ బాత్రూమ్‌లో నల్లా కింద తెల్లగా అయ్యేదాకా తోమి, మళ్లీ డైరెక్ట్ నల్లా నీళ్లు నింపేసి, నీలం మందు నాలుగు చుక్కలు వేసి డబ్బులు తీసుకుని పోతడు. ఆ రోజు ట్యాంక్ అద్దంలా మెరుస్తది, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉంటయ్. అడిగితే మీ చేపలు వీక్ సార్ అంటడు. ఇక నేనే మార్చుకుందాం అనుకుంటున్న. నల్లా రోజు విడిచి రోజు వస్తది, బోర్ ఉంది, కిచెన్‌లో ఆర్ఓ ఉంది. ఏ నీళ్లు పోయాలె, ఎంత మార్చాలె?

గప్పీల_పెద్దన్న:
చేపలు వీక్ కాదు తమ్ముడూ, అతను చేసే పనే అంత. చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తుంది, దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలోనూ రాళ్ల మీదా ఉంటుంది, నీళ్లలో కాదు. వాటిని నల్లా కింద తోమితే క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా చాలావరకు పోయినట్టే. మళ్లీ అది తయారవ్వాలంటే వారాలు పడుతుంది, ఈలోపు గోల్డ్‌ఫిష్ తన రెట్టలో తనే ఉడికిపోతుంది. పైగా అదే క్లోరిన్ నీళ్లు డైరెక్ట్‌గా పోస్తే మొప్పలు కాలిపోతాయి, పైకొచ్చి నోరు తెరవడం అందుకే. నీలం మందు మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది, అది ఫంగస్‌కి వాడేది, క్లోరిన్‌ని ఏమీ చేయదు.

నీ ట్యాంక్ 2 ఘనపుటడుగులు, ఒక్కోదానికి 28 లీటర్లు లెక్కేసుకో, రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే 50 లోపే. అందులో పావు వంతు, అంటే 12 లీటర్ల దాకా, వారానికోసారి మారిస్తే చాలు. పెయింట్ బకెట్ ఒకటి దీనికే పెట్టుకో, ఇంట్లో సబ్బు నీళ్లు తగిలిన బకెట్ మాత్రం వద్దు. ముందు రోజు నల్లా నీళ్లు పట్టి ఎయిర్ పంప్ రాయి వేసి రాత్రంతా వదిలెయ్, క్లోరిన్ ఎగిరిపోతుంది. అంత టైం లేకపోతే షాపుల్లో యాంటీ క్లోరిన్ అని అమ్ముతారు, సోడియం థయోసల్ఫేట్, డబ్బా మీద రాసినంత బకెట్లో కలిపి అప్పుడు పొయ్యి. స్పాంజిని మాత్రం ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండు, గోధుమరంగు పోవాల్సిన పని లేదు.

ఆర్ఓ వద్దు. అందులో ఖనిజాలు ఉండవు, గోల్డ్‌ఫిష్‌కి కొంచెం గట్టి నీళ్లే పడతాయి.

చేపలపులుసు_ఫ్యాన్:
మేము ఎప్పుడూ మొత్తం నీళ్లు మారుస్తాం, బోర్ నీళ్లే, మా గప్పీలు పిల్లలు పెట్టి పెట్టి ట్యాంక్ నిండిపోయింది. ఊరికే భయపెడుతున్నారు 😀

గప్పీల_పెద్దన్న:
గప్పీలకి బోర్ నీళ్ల గట్టితనం అంటే పండగే బ్రో, పైగా బోర్‌లో క్లోరిన్ ఉండదు. నీ స్పాంజి కూడా నల్లా కింద తోమవనుకుంటా. అదే మెత్తటి నీళ్లు కావాల్సిన నియాన్ టెట్రా చేపలు పెట్టి చూడు తెలుస్తుంది.

భీమవరం_బుల్లోడు:
మా సైడ్ రొయ్యల చెరువులోళ్లు పొద్దున లేవగానే చూసేది పీహెచ్ (నీళ్లు ఎంత పులుపెక్కాయో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు), అమ్మోనియా. ట్యాంక్‌కీ అదే లెక్కండి. అమ్మోనియా ఎంతుంది అన్నదొక్కటే కాదు, పీహెచ్ ఎంతుందో కూడా చూడాలి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా ఉండేది నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8 అయితే 5 వంతుల పైనే. అందుకే నెలలకొద్దీ నీళ్లు మార్చని ట్యాంకు జోలికెళ్లేటప్పుడు జాగ్రత్త, ఆ నీళ్లు మెల్లగా పులుపెక్కి పీహెచ్ దిగిపోయుంటుంది, అమ్మోనియా ఉన్నా చేపలు బతికేస్తుంటాయి, మీరొచ్చి ఒకేసారి సగం తీసి పీహెచ్ 8 ఉన్న బోర్ నీళ్లు కొట్టారంటే మిగిలిన సగంలో ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా విషమైపోద్ది. అలాంటి ట్యాంకుకి రోజూ పదో వంతు చొప్పున వారం పది రోజులు మార్చుకుంటూ రావాలి. లిక్విడ్ టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి.

ఇంకోటి, బోర్ నీళ్లు మోటారేసి డైరెక్ట్‌గా పోయకండి. భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండొచ్చు. వాటిక్కూడా రాత్రంతా గాలి పట్టించాలి.

ఫ్రిస్కో_బాబాయ్:
అమెరికాలో ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక మాట. బకెట్లో రాత్రంతా పెట్టే పద్ధతి మా దగ్గర పని చేయదు. ఇక్కడ నార్త్ టెక్సస్‌లో నీళ్లలో కలిపేది క్లోరమైన్, క్లోరిన్‌ని అమ్మోనియాతో కలిపింది, అది అంత తేలిగ్గా ఎగిరిపోదు. ఒక్క థయోసల్ఫేట్ వేస్తే క్లోరిన్ పోయి అమ్మోనియా మిగులుతుంది, కాబట్టి అమ్మోనియాని కూడా కట్టేసే వాటర్ కండిషనర్ (ట్యాంక్ నీళ్లలో కలిపే మందు) కొనుక్కోవాలి. ఏటా మార్చి నెలలో పైపులైన్ల మెయింటెనెన్స్ కోసం కొన్నాళ్లు మామూలు క్లోరిన్‌కి మారుస్తారు, అప్పుడు పంపు తిప్పితే స్విమ్మింగ్ పూల్ వాసన గుప్పుమంటుంది. ఆ నెల మా ఆవిడ కాఫీకి కూడా ఫిల్టర్ నీళ్లే.

కూకట్‌పల్లి_కుర్రాడు:
థ్యాంక్స్ అందరికీ. ఇంకో డౌట్, నీళ్లు తీసేదెట్ల? మగ్గుతో తోడితే చేపలు బెదిరి గోడలకు కొట్టుకుంటున్నయ్. నోటితో పీల్చి పైపు పెట్టమన్నడు మా బావ.

గప్పీల_పెద్దన్న:
బావగారిని ఆ నీళ్లు ఒకసారి తాగి చూడమను. హార్డ్‌వేర్ షాపులో మేస్త్రీలు లెవెల్ చూసే ట్రాన్స్‌పరెంట్ పైపు దొరుకుతుంది, రెండు మీటర్లు తెచ్చుకో. దాన్ని ట్యాంక్‌లో మొత్తం ముంచి లోపల బుడగ లేకుండా నింపు, ఒక చివర బొటనవేలితో మూసి బయటికి తీసి కింద నేల మీదున్న బకెట్లోకి వదులు, అంతే, వేలు తీయగానే ధార మొదలవుతుంది. లోపలి చివరని రాళ్లలోకి గుచ్చి మూడు లెక్కపెట్టేంతసేపు ఉంచి పక్కకి జరుపు, రాళ్ల కింద నుంచి గోధుమరంగు మడ్డి పొగలా లేచి పైపులోకి పోతుంటే కనపడుతుంది. ఈ వారం సగం నేల, వచ్చే వారం మిగతా సగం.

చేతులు పెట్టేముందు ట్యాంక్ స్విచ్‌లు కాదు, ప్లగ్గులే పీకెయ్. హీటర్ ఉంటే ఆపాక పావుగంట ఆగి అప్పుడు నీళ్లు తియ్, వేడి గాజు గాలికి తేలి మళ్లీ చల్లనీళ్లు తగిలితే పగులుతుంది. ఫిల్టర్ మోటార్ కూడా నీళ్లు లేకుండా తిరిగితే కాలిపోతుంది.

భీమవరం_బుల్లోడు:
ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీద ట్యాంక్ నీళ్లు పట్టి పోయకండి, అవి స్నానానికే పనికిరావు. తెల్లారగట్ట పట్టి ట్యాంక్ పక్కనే ఉంచితే రెండూ ఒక వేడికి వస్తాయి. పోసేటప్పుడు రాళ్ల మీద చిన్న ప్లేటు పెట్టి దాని మీద మెల్లగా పోస్తే మడ్డి లేవదు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
ఇప్పుడైతే షాపతను కడిగి నాలుగో రోజు, నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నయ్. మొత్తం తీసేయాల్నా?

గప్పీల_పెద్దన్న:
వద్దు! కడిగేసినాక నీళ్లలో వేరే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే అట్లా తెల్లబడుతుంది, దానంతటదే తగ్గుతుంది. అది ఆక్సిజన్ లాగేస్తుంది కాబట్టి ఎయిర్ పంప్ రాత్రీ పగలూ ఆపకు. రెండు రోజులు మేత మానెయ్, గోల్డ్‌ఫిష్ ఏమీ అనుకోవు, తర్వాత కూడా రెండు నిమిషాల్లో తినేంతే వెయ్. కిట్ వచ్చాక అమ్మోనియా కనబడితే క్లోరిన్ తీసిన నీళ్లతో రోజూ పావు వంతు మార్చు, స్పాంజి ముట్టుకోకు. రెండు చేపలకే ఆ ట్యాంక్ ఇరుకు, ఇంకో రెండు తెచ్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో.