రెండుసార్లు గెలిచినా మిడిల్స్‌బ్రో పై డివిజన్‌కి ఎందుకు వెళ్లలేదు?

బ్రిటన్ పాత స్పీడ్‌వే రేసుల గురించి తెలిసినవాళ్లు ఉంటే కాస్త సాయం చేయండి. అదే, బ్రేకులు లేని బైకుల మీద నలుగురు మట్టి ట్రాక్ చుట్టూ నాలుగు ల్యాపులు తిరిగే ఆట.

యుద్ధం ముగిశాక 1946లో రెండో స్థాయి పోటీ నార్తర్న్ లీగ్. ఆరు జట్లు ఆడితే మిడిల్స్‌బ్రో గెలిచింది. 1947లో అదే నేషనల్ లీగ్ రెండో డివిజన్ అయింది. బ్రిస్టల్, విగన్ కూడా చేరాయి. మళ్లీ మిడిల్స్‌బ్రోనే! అయినా 1948లోనూ ఆ జట్టు కింది డివిజన్‌లోనే ఉంది. బ్రిస్టల్ కూడా 1948, 1949 రెండేళ్లూ గెలిచాకే, 1950లో పైకి వెళ్లింది.

ఫుట్‌బాల్‌లోలాగా గెలిస్తే పైకి పంపే నియమం అప్పట్లో లేదా? లేక స్టేడియం, జనం, డబ్బు చూసి నిర్ణయించేవారా? నాకైతే రెండోదే అనిపిస్తోంది, కానీ ఆధారం కావాలి.

ఇంకో చిన్న సందేహం. 1947 నాటి మ్యాచ్ ప్రోగ్రామ్ (ప్రేక్షకులు స్కోరు రాసుకునే చిన్న పుస్తకం) ఒకటి దొరికింది. ఒక్కో హీట్‌లో, అంటే ఒక్కో రేసులో, మొదటి ముగ్గురికి 3, 2, 1 పాయింట్లు, 14 హీట్లకి మొత్తం 84 అని అర్థమైంది. కొన్ని సున్నాల పక్కన పెన్సిల్‌తో అక్షరాలు రాసి ఉన్నాయి. పడిపోయినవాళ్లకీ, ఇంజన్ ఆగినవాళ్లకీ వేరువేరు గుర్తులు వాడేవారా?

ఆనాటి స్థానిక పత్రికలు ఆన్‌లైన్‌లో ఎక్కడ చదవొచ్చో చెప్పినా చాలు.