గ్లాసీ బ్లాక్ అండ్ వైట్‌కి డై ఇంకు మేలా, పిగ్మెంటా?

నీడలపిచ్చి:
నల్లకోటు వేసుకున్న తాతయ్య పాత ఫోటో స్కాన్ చేసి, ఇంట్లో ఉన్న నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటర్‌లో గ్లాసీ పేపర్ మీద తీశాను. ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చ ఛాయ, కిటికీ దగ్గరికి తెస్తే గులాబీ. సన్నటి రంగుపొడి ఇంకుండే పిగ్మెంట్ ప్రింటర్ కొనక తప్పదా, ఇప్పుడున్న కరిగిన రంగుల డై ఇంకుతోనే నెట్టుకురావచ్చా?

డార్క్‌రూమ్ బాబాయ్:
తప్పు డైది కాదబ్బాయ్. నీ ప్రింటర్‌లో బూడిదరంగు ఇంకు లేదు. సయాన్, మెజెంటా, పసుపు కలిపి బూడిదరంగు తెప్పిస్తోంది, లైటు మారగానే గుట్టు బయటపడుతోంది. కొన్ని ట్యాంక్ ప్రింటర్లయితే గ్లాసీ సెట్టింగ్ పెడితే నల్ల సీసా ముట్టవు కూడా. ఎప్సన్ వాళ్లు 2005లో అల్ట్రాక్రోమ్ కే3 అనే పిగ్మెంట్ ఇంకుల సెట్‌లో ఒక చిక్కటి నలుపు, రెండు పల్చటి నలుపులు పెట్టింది ఇందుకే. పిగ్మెంట్ తీసుకో.

మెరుపుతీగ:
బాబాయ్, పిగ్మెంట్‌ని మరీ నెత్తిన పెట్టుకోకండి. గ్లాసీ మీద అది పైపైనే కూర్చుంటుంది. ఫోటో కాస్త వంచి చూడండి, నల్లకోటు మీద చింతపండుతో తోమిన రాగిచెంబు మెరుపు! ఇంకు పడని తెల్లచోట మెరుపు ఇంకోరకం. డై కాగితం పూతలోకి ఇంకిపోతుంది, ఆ గొడవే లేదు.

డార్క్‌రూమ్ బాబాయ్:
అందుకేగా కానన్ ప్రో-1000 పిగ్మెంట్ ప్రింటర్‌లో క్రోమా ఆప్టిమైజర్ అని రంగులేని ట్యాంకు పెట్టింది, పైన పారదర్శకమైన పూత వేయడానికి. డై మెరుపు నిజమే, కానీ వెలుతురూ గాలీ తగిలే గోడకి అద్దం లేకుండా తగిలిస్తే ముందు వెలిసేది అదే. ఒక్క మాట, పిగ్మెంట్‌లో నలుపు రెండు రకాలు, గ్లాసీకి ఫోటో బ్లాకే వాడాలి. ఓసారి పొరపాటున మెరుపులేని కాగితానికి వాడే మ్యాట్ బ్లాక్‌తో తీశాను, వేలు రాస్తే నలుపంతా వేలికొచ్చింది.

మసిబొగ్గు:
మీ ఇద్దరూ రంగుల్ని వదలట్లేదు. జాన్ కోన్ తెచ్చిన పియెజోగ్రఫీ అనే బ్లాక్ అండ్ వైట్ ఇంకుల పద్ధతి చూడండి. ప్రింటర్‌లో రంగుల బదులు అన్ని ఇంకు గదుల్లోనూ కార్బన్ ఛాయలే, గ్లాసీకైతే చివర్లో పైపూత. తాటాకు మీద అక్షరాలకి మనవాళ్లు రుద్దిన మసి కూడా కార్బనే, వెలవదు. కాకపోతే కార్బన్‌కి సహజంగా గోధుమ ఛాయ ఉంటుంది. అది పోగొట్టడానికి రంగు కలిపారా, ముందు వెలిసేది ఆ రంగే. నాకైతే ఆ గోధుమ ఛాయే ఇష్టం.

మెరుపుతీగ:
ఒక్క ఫోటో కోసం ప్రింటర్ మొత్తం మసికి అంకితమా అన్నా?

నీడలపిచ్చి:
మూడు నలుపుల ప్రింటర్ ఉన్న ల్యాబ్‌లో ఒకటి తీయించాను. ఏ లైటులో చూసినా ఒకేలా ఉంది, కోటు మీద రాగిమెరుపు కాస్త ఉంది. అద్దం బిగిస్తే అదీ తెలియట్లేదు. నాయనమ్మ మాత్రం ఆ గులాబీదే గోడకి పెట్టమంటోంది. అందులోనే ఆయన ముఖంలో రక్తం ఉందట.