సర్వేలో ఓటు గురించి అడిగితే నిజం చెప్పించేదెలా?

అందరికీ నమస్కారం. ఎన్నికల సర్వేల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి.

2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు తెనాలి దగ్గర పల్లెల్లో ఒక సంస్థ తరఫున ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ఒకింట్లో అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న పెద్దావిడను "ఓటు ఎవరికేస్తారమ్మా" అని అడిగితే, ముందు గుమ్మంలో నిల్చున్న కొడుకు వైపు చూసింది. "వాడు చెప్పినదానికే నాయనా" అంది. నేను వీధి మలుపు దాటబోతుంటే వెనకాలే వచ్చి, "ఇందాక రాసింది కొట్టెయ్, నా ఓటు నాది" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. అప్పటికే ఆ జవాబు సబ్మిట్ అయిపోయింది. సూపర్‌వైజర్ వదిలెయ్ అన్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ మనసొప్పడం లేదు.

ఆ ఏడాది చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీఏకి 350 పైనే సీట్లు ఇచ్చాయి, వచ్చినవి 293. అందులో ఇలాంటి జవాబులు ఎన్ని కలిశాయో!

ఎన్నికల సర్వేలు చేసే పరిశోధన సంస్థ లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ వాళ్లు నమూనా బ్యాలెట్ ఇచ్చి డబ్బాలో వేయించుకుంటారు. మన పల్లెల్లో ఆ పద్ధతి వాడినవాళ్లున్నారా? ఇంట్లోవాళ్లకు కోపం రాకుండా ఆడవాళ్లతో విడిగా మాట్లాడేదెలా? పంపేసిన జవాబు తప్పని తెలిస్తే ఏం చేస్తారు?