జియోలైట్ ఎ: సిలికాన్-29 ఎన్ఎమ్ఆర్‌లో -89 దగ్గర ఒక్కటే పీక్. టేబుల్‌తో కలవడం లేదు

ప్రశ్న – పీహెచ్‌డీ రెండో ఏడు
అందరికీ నమస్కారం. నేను చేసిన జియోలైట్ ఎ (సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో కట్టిన సన్న రంధ్రాల స్ఫటికం) శాంపిల్‌కి సిలికాన్-29 మాస్ ఎన్ఎమ్ఆర్ (శాంపిల్‌ని గిర్రున తిప్పుతూ, సిలికాన్ల చుట్టూ ఏముందో చూసే పరీక్ష) తీయించాను. -89 పీపీఎమ్ దగ్గర సన్నటి పీక్ ఒక్కటే వచ్చింది. నా దగ్గరున్న టేబుల్లో, సిలికాన్ చుట్టూ నాలుగు అల్యూమినియాలుంటే -84, మూడుంటే -89 అని ఉంది. ఈడీఎక్స్‌లో (ఏ మూలకం ఎంతుందో ఎక్స్‌రేలతో కొలిచే పరీక్ష) చూస్తే సిలికాన్, అల్యూమినియం రెండూ సమానం. అలాంటప్పుడు మూడే ఉంటే ఎక్కడో రెండు అల్యూమినియాలు పక్కపక్కన పడ్డట్టే కదా? అలా రెండు అల్యూమినియాలు పక్కపక్కన ఉండవనే లోవెన్‌స్టీన్ రూల్ సంగతేంటి? వచ్చే వారం రివ్యూ, ఒకటే టెన్షన్.

జవాబు – ఎక్స్‌ఆర్‌డీ మనిషి
పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ (పొడి మీద ఎక్స్‌రేలు పంపి పరమాణువుల అమరిక చూసే పరీక్ష) తీస్తే తేలిపోతుందిగా?

జవాబు – ఎన్ఎమ్ఆర్ గదిలో ఉద్యోగం
అంత తేలిగ్గా తేలదండీ. సిలికాన్‌కి 14 ఎలక్ట్రాన్లు, అల్యూమినియానికి 13. ఎక్స్‌రేకి ఇద్దరూ కవల పిల్లల్లాంటివాళ్లే. రెండూ ఒకటి విడిచి ఒకటి ఉంటే సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే పెట్టెలాంటి ముక్క) అంచు రెట్టింపై సుమారు 24.6 ఆంగ్‌స్ట్రామ్‌లవుతుంది. దాన్ని చూపించే అదనపు గీతలు మాత్రం చాలా బలహీనం.

ఇక అమ్మాయ్, నీ టేబుల్ ఫాజసైట్ అనే వేరే జియోలైట్ నిర్మాణానిది. ఎక్స్, వై జియోలైట్లకి పనికొస్తుంది, దీనికి కాదు. ఈ పీక్ దగ్గర పెద్దవాళ్లే బోల్తాపడ్డారు. 1980 ప్రాంతంలో ఎస్టోనియాలోని టాలిన్‌లో లిప్మా బృందం దీన్ని మూడు అల్యూమినియాల సిలికాన్‌గానే చదివింది. కేంబ్రిడ్జిలో థామస్ వాళ్లూ ఆ దారే పట్టారు. అంటే 1954 నాటి లోవెన్‌స్టీన్ రూల్ ఇక్కడ చెల్లదన్నట్టే!

తేల్చింది జెడ్‌కే-4 అనే జియోలైట్. జియోలైట్ ఎ నిర్మాణమే, సిలికాన్ ఎక్కువ. అందులో -89 మొదలుకొని సుమారు -112 దాకా అయిదు పీకులొస్తాయి. -89కి ఇవతల, -84 వైపు, ఏమీ ఉండదు. అయిదింటికీ అయిదు రకాల సిలికాన్లు (చుట్టూ నాలుగు అల్యూమినియాల నుంచి సున్నా దాకా) కావాలంటే మొదటిది నాలుగు అల్యూమినియాలదే కావాలి. 1982కల్లా గొడవ సద్దుమణిగింది. జియోలైట్ ఎలో సిలికాన్-ఆక్సిజన్-అల్యూమినియం కోణాలు ఫాజసైట్‌లోకన్నా వెడల్పు. కోణం విచ్చుకున్నకొద్దీ పీక్ మైనస్ వైపు జరుగుతుంది. నీ శాంపిల్ బంగారంలా ఉంది.

ప్రశ్న అడిగినవారు
హమ్మయ్య! థాంక్యూ మేడమ్. పీక్ ఏరియాల నుంచి నిష్పత్తి కట్టే ఫార్ములాలో నాలుగు వేస్తే సరిగ్గా 1 వస్తోంది, మూడు వేస్తే 1.33. ఇదే రుజువుగా చూపించొచ్చా?

జవాబు – ఎన్ఎమ్ఆర్ గదిలో ఉద్యోగం
వద్దు. ఆ ఫార్ములా కట్టిందే లోవెన్‌స్టీన్ రూల్‌ని నమ్మి. దానితోనే రూల్‌ని నిరూపిస్తానంటే రివ్యూలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. జెడ్‌కే-4 స్పెక్ట్రమ్ పక్కన పెట్టి చూపించు. అల్యూమినియం-27 కూడా తీయించు: 60 దగ్గర పీకుండి 0 దగ్గర ఏమీ లేకపోతే అల్యూమినియమంతా ఫ్రేమ్‌వర్క్‌లోనే (స్ఫటికపు అస్థిపంజరంలోనే) ఉందని ధైర్యంగా చెప్పొచ్చు.

సిలికాన్ పెంచిన శాంపిల్స్ చేస్తే మాత్రం -100 దగ్గర జాగ్రత్త. అక్కడ సిలనాల్ (ఓహెచ్ అంటుకున్న సిలికాన్) పీకులు కూడా దూరతాయి. క్రాస్ పోలరైజేషన్ (దగ్గరున్న హైడ్రోజన్ల నుంచి సిలికాన్‌కి సిగ్నల్ బలం అందించే పద్ధతి) పెడితే అవి ఉబ్బి బయటపడతాయి. కానీ ఆ స్పెక్ట్రమ్‌లో ఏరియాలు కొలవకూడదు. కొలతకి నేరుగా పల్స్ ఇచ్చి, రీసైకిల్ డిలే (ఒక పల్స్‌కీ ఇంకో పల్స్‌కీ మధ్య ఆగే సమయం) బాగా పెంచమని మీ ఆపరేటర్‌ని అడుగు. విసుక్కుంటారు, పర్లేదు.