రాతి నేలలో ఎర్త్ రాడ్ దిగకపోతే లైన్‌ను దేనికి ఎర్త్ చేయాలి?

చీమకుర్తి లైన్‌మ్యాన్:
క్వారీల వైపు 11 కేవీ లైన్ పని. ఎల్సీ (సప్లై ఆపి లైన్ మీద పనికిచ్చే అనుమతి) తీసుకుంటాం, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ను విడదీసే స్విచ్) తెరుస్తాం. చిక్కంతా, పొరపాటున సప్లై వస్తే నేలలోకి పోయేలా లైన్‌ను ఎర్త్ చేయడం దగ్గరే. జానెడు లోతులోనే రాయి తగిలి రాడ్ దిగదు. తోటివారు స్తంభాన్ని లాగిపట్టే స్టే వైరుకో, రైతు బోరు కేసింగుకో కట్టేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పెద్దలు చెప్పండి.

కావలి రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:
ఆ రెండూ వద్దు తమ్ముడూ. స్టే వైరు మధ్యలో గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్ ఉంటుంది. దాని పైన కట్టిన ఎర్త్ నేలకు చేరనే చేరదు. బోరు కేసింగులు చాలాచోట్ల పీవీసీవే. ఇనుపదైతే ఇంకా ప్రమాదం, లైన్‌లోకి సప్లై వస్తే మోటారు దగ్గరున్న రైతు ప్రాణం పోతుంది.

ఒక లెక్క చూడు. ఫేజుకూ భూమికీ మధ్య సుమారు 6,350 వోల్టులు. పొడి నేలలో అరకొరగా దిగిన రాడ్ నిరోధం 100 ఓమ్‌లనుకో, పారేది 63 ఆంపియర్లు. బ్రేకర్ ట్రిప్ కావడానికి అది చాలకపోవచ్చు. అంతసేపూ ఆ వోల్టేజి దాదాపు మొత్తం నువ్వు లైన్‌కు తగిలించిన ఎర్త్ క్లాంపు మీదే ఉంటుంది.

సబ్‌స్టేషన్ దగ్గరైతే అక్కడ నేలలో పాతిన లోహపు వల, అంటే ఎర్త్ మ్యాట్‌ను మించింది లేదు. లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర లైట్నింగ్ అరెస్టర్ (పిడుగు నుంచి కాపాడే పరికరం) ఎర్త్ పిట్ వాడు. ఇళ్లకు వెళ్లే న్యూట్రల్ వైరును ఎర్త్ చేసిన పిట్ జోలికి పోవద్దు, ఆ వోల్టేజి ఇళ్లలోకి పాకుతుంది. పిట్ నిరోధాన్ని ఎర్త్ మెగ్గర్ అనే మీటరుతో కొలిచాకే నమ్ము. 5 ఓమ్‌లు దాటితే బాగు చేయించాలి. మా అల్లూరు వైపు ఉప్పునీటికి పిట్‌లోకి దిగే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) వైరు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, మట్టి తీసి చూస్తే లోపల దారప్పోగులా మిగిలి ఉంటుంది.

ముందు ఎర్త్ వైపు బిగించి, ఆ తర్వాతే లైన్‌కు తగిలించాలి. తీసేటప్పుడు లైన్ వైపు ముందు.

విడవలూరు ఆక్వా ఎలక్ట్రీషియన్:
ఎల్సీ ఉంది కదా అని ధీమా వద్దండీ. కరెంటు పోగానే రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు మొదలవుతాయి. లైన్ సప్లైనీ జనరేటర్‌నీ కలవనీయని చేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ 415 వోల్టులే ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి 11 కేవీ అవుతాయి. మీ క్వారీల్లోనూ జనరేటర్లుంటాయి.

చీమకుర్తి లైన్‌మ్యాన్:
మంచి పిట్ మూడు స్తంభాల అవతల ఉంటేనో?

కావలి రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:
పనికి రెండు వైపులా దగ్గరలోని మంచి పిట్‌లకు ఎర్త్ చేయి. అంతటితో సరిపోదు. నువ్వు ఎక్కే స్తంభం మీద మూడు ఫేజులనూ కలిపి షార్ట్ చేసి, క్రాస్ ఆర్మ్‌కూ (వైర్లను మోసే అడ్డ ఇనుప కమ్మీ), కాళ్ల దగ్గర స్తంభానికీ బిగించు. అప్పుడు సప్లై వచ్చినా నీ చేతికీ కాలికీ మధ్య వోల్టేజి తేడా ఉండదు. కిందనున్నవారిని మాత్రం స్తంభం దగ్గరికి రానివ్వకు, ఆ రక్షణ వారికి ఉండదు.